నా పెద్దకార్యానికి వచ్చిన సైటేషన్లు

నమోదు 1

ఈ దినచర్యను ఎవరూ ఎక్కడా సైట్ చేయలేరు. దీనికి సంఖ్య లేదు, సారాంశం లేదు, చివర రెండు పేజీల కృతజ్ఞతలు అసలే లేవు. అందుకే ఇందులో నిజాలు రాయొచ్చని కూర్చున్నాను.

పొద్దున్నే డాబా మీది సౌరపలకలకు పట్టిన ఉప్పు గీకాను. కొత్త కాకినాడలో ఎవరింట్లోనైనా రోజు మొదలయ్యేది దీంతోనే. గీకకపోతే మధ్యాహ్నానికి కరెంటు ఉండదు. కరెంటు లేకపోతే నీళ్ళ యంత్రం సముద్రాన్ని మంచినీళ్ళు చెయ్యదు. ఉప్పు డబ్బాలోకి ఎత్తుతుంటే కొండ కింద పాత ఊరు కనపడింది. ఊరంటే ఇప్పుడు నీళ్ళలోంచి తలలెత్తిన నాలుగు మేడలు, ఒక గడియార స్తంభం. వాటి మధ్యనుంచి మా మేనత్త నూకరత్నం పంటు నడుపుకుంటూ పోతోంది. ఆవిడ సరంగు. మా కొండకీ ఎదురు కొండకీ మధ్య మనుషుల్నీ మేకల్నీ దాటిస్తుంది. నీళ్ళ కింద ఏ మేడ ఎక్కడుందో నీటి రంగు చూసి చెప్పగలదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది, చదివించింది, తిట్టింది ఆవిడే.

ఎదురు కొండ మీద జీవవైద్య పీఠం ఉంది. అందులో నేను పరిశోధకురాలిని, డాక్టర్ ముమ్మిడి సువర్చల. నేను రాసిన పేపర్లు: ఒకటి. ఆరేళ్ళు పట్టింది. దానికి వచ్చిన సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో దాని ప్రస్తావనలు, రెండు. అందులో ఒకటి చేపల ఎరువు మీద పేపర్లో పొరపాటున పడింది.

మా డైరెక్టరు ఆచార్య గంధం త్రివిక్రమ రావు గారికి ఏడు వేల పేపర్లున్నాయి. రాసేది లేఖిని అనే యంత్రం. ఆయన తుమ్మితే పేపరు, దగ్గితే దానికి అనుబంధం. ఆ పేపర్లను చదివేదీ యంత్రాలే. మధ్యలో మనుషులు చేసేదల్లా శాలువాలు కప్పుకోవడం.

నమోదు 2

డైరెక్టరు గారమ్మాయి పెళ్ళికి వెళ్ళొచ్చాను. శుభలేఖలో బంగారు అక్షరాలతో వేశారు: 'కానుకలు స్వీకరించబడవు. సైటేషన్లు మాత్రమే.' ఎంత త్యాగం!

పందిరి గుమ్మంలోనే చదివింపుల బల్ల. దాని వెనక మా జోగినాథం మైకు పట్టుకుని కూర్చున్నాడు. పీఠంలో అతనిది నా పక్క గది. ఎవరు ఎవరికి ఎన్ని సైటేషన్లిచ్చారో, ఎవరు తిన్నవి ఇంకా తిరిగి పెట్టలేదో అతనికి కంఠతా వచ్చు. అతని పరిశోధన అదేనని కొందరంటారు, నేనూ అంటాను.

"గంటి పినాకపాణి గారి చదివింపులు, నలభై సైటేషన్లు!" అని మైకులో అరిచాడు.

"నలభయ్యేనా? వాళ్ళబ్బాయి ఒడుక్కి మనం అరవై పెట్టలేదూ?" అని నా వెనక ఒకావిడ మొగుణ్ణి పొడిచింది.

ఎవరికి తోచిన పేపరుకు వాళ్ళు ఇస్తే చిందరవందరగా ఉంటుందని, అన్నీ ఒకే పేపరుకు పడేలా ఏర్పాటు చేశారు. ఏడు వేలలో ఏది శుభప్రదం అని పురోహితుణ్ణి అడిగారట. ఆయన పేర్లన్నీ వింటూ వచ్చి 'ఉప్పుజ్వరంలో జంట మోతాదు' దగ్గర చెయ్యెత్తాడు. జంట అని ఉంది, పెళ్ళికి ఇంతకంటే ఏం కావాలి? లోపలేముందని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు, రాసిన యంత్రానికి పెళ్ళిపిలుపు అందలేదు.

నేను అక్షింతలు వేసి, పులిహోర తిని, ఏమీ చదివించకుండా లేచాను. జోగినాథం మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "మేడం, కనీసం ఒక్కటైనా పడెయ్యండి, బాగోదు," అన్నాడు.

"నాకున్నది ఒక్క పేపరు. అది చెప్పేదే జంట మోతాదు పనికిరాదని. దాన్లోంచి దీనికెలా ఇమ్మంటావయ్యా?"

"లోపలేముందో ఎవరు చూస్తారండీ?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ.

నమోదు 3

పూర్వం ఆస్పత్రిలో డాక్టర్లు ఉండేవారని అమ్మమ్మ చెప్పేది. మాకు పెద్దాయన ఉన్నాడు. పెద్దాయనంటే గోడలో బిగించిన యంత్రం. ఏ జబ్బుకు ఏ మందు ఎంతో, ఉన్న పేపర్లన్నీ చూసి అతనే తేలుస్తాడు. రెండు పేపర్లు రెండు రకాలుగా చెబితే, ఏ పేపరు బరువు ఎక్కువైతే అది నిజం. బరువంటే సైటేషన్లు. ఇది కనిపెట్టినవాళ్ళకు కూడా శాలువాలు కప్పారు.

మా అత్తకు ఉప్పుజ్వరం. ఈ కొండ మీద సగం మంది పెద్దవాళ్ళకు ఉన్నదే. జబ్బకు మందుకడియం తొడిగారు, అది పెద్దాయన చెప్పినట్టు రోజుకొక చుక్క ఒంట్లోకి వదులుతుంది. ఆ చుక్కతోనే ఆవిడ పంటు నడుపుతోంది, నన్ను తిడుతోంది.

ఇవాళ పొద్దున్న చేపల పులుసు కలుపుతూ, "ఒసే, ఈ కడియం మూడ్రోజుల్నించీ రెండుసార్లు కొడతందేటే?" అంది.

నోటిదాకా వచ్చిన ముద్ద కంచంలో పడేశాను. నా ఆరేళ్ళ పేపరంతా ఆ రెండో చుక్క గురించే. యంత్రపు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు రెండో చుక్క పడితే కంటి నరం ఎండిపోతుంది. మొదట ఒకటి రెండుగా కనిపిస్తుంది, తర్వాత మసక, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఒక్కొక్కరి కళ్ళలోకీ నా కళ్ళతో చూసి రాశాను. కొత్త కాకినాడలో యంత్రపు నీళ్ళు తాగనిది కాకులు మాత్రమే.

చెయ్యి కడుక్కోకుండానే ఆస్పత్రికి పరుగెత్తాను. పెద్దాయన ముందు ఒక కాంపౌండరు కూర్చుంటాడు, యంత్రం తరఫున నవ్వడానికి.

"మీ పేపరు బరువు రెండండి. ఆ పేపరుది మొన్నటిదాకా ముప్ఫయ్యే. పెళ్ళయ్యాక పదకొండు వందలు దాటిందండి. పెద్దాయన మాత్రం ఏం చేస్తాడండి?"

"అయితే కడియం తీసెయ్యండి."

"తీస్తే జొరం తిరగబెడుతుందండి. ప్రాణానికి పూచీ ఎవరండి?"

"కళ్ళకు పూచీ ఎవరు?"

"దానికి అర్జీ పెట్టుకోవాలండి," అన్నాడు. "అర్జీకి కూడా బరువు చూస్తారండి."

నమోదు 4

డైరెక్టరు గారి దర్శనం దొరికింది. గదిలో శాలువాల వాసన, పెళ్ళి లడ్డూల వాసన కలిసి కొట్టాయి.

"ఏవమ్మా సువర్చలా, భోజనాలు బావున్నాయా? నీ పేపరు చదివానమ్మా. అద్భుతం!"

"అందులో ఏముంది సార్?"

"అదే... పరిశోధన," అన్నారు.

అందులో ఏముందో నేనే చెప్పాను. జంట మోతాదు పేపరును వెనక్కి తీసుకొమ్మని అడిగాను. ఆయన ఉలిక్కిపడ్డారు, కళ్ళ మాట విని కాదు.

"పెళ్ళి చదివింపులు వెనక్కి తిప్పమంటావా? పిల్ల కాపరానికి అరిష్టం కాదూ! నీకు పిల్లల్లేరు కాబట్టి తెలీదులే."

"మా అత్తకు చూపు పోతుంది సార్. ఆవిడ పంటు సరంగు. మీరు రోజూ దాటేది ఆ పంటు మీదే."

"అయ్యయ్యో. కళ్ళజోడు పెట్టించమ్మా. కావాలంటే కళ్ళజోళ్ళ మీద ఇవాళే ఒక పేపరు రాయిస్తాను, కృతజ్ఞతల్లో మీ అత్తగారి పేరు వేయిస్తాను." లడ్డూ పొట్లం నా చేతిలో పెట్టారు. ఇంత మంచివాణ్ణి ఎక్కడైనా చూశావా అన్నట్టు నవ్వారు.

దారిలో ఆ పొట్లం సముద్రంలోకి విసిరేశాను. చేపలకు కూడా పెళ్ళిభోజనం అందాలి కదా.

నమోదు 5

ఇవాళ నేను పంటు మీదే ఉన్నాను. గడియార స్తంభం దగ్గరికి వస్తుండగా అత్త చుక్కాని ఎప్పటిలా ఎడమకు తిప్పలేదు, తిన్నగా పోనిచ్చింది. నేను అరిచాను. పంటు పక్కచెక్క స్తంభానికి రాసుకుని కీచుమంది. ఒక మేక నీళ్ళలో పడింది, దాని తాలూకు మనిషి దానికోసం దూకాడు. ఇద్దర్నీ లాగాం.

ఒడ్డు చేరాక అత్త చుక్కాని మీద తలానించి కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"స్తంభాలు రెండు కనబడ్డాయే. రెండిటి మజ్జనుంచీ పోనిత్తే సరిపోద్దనుకున్నాను."

"రేపట్నుంచి పంటు ఆపెయ్యత్తా."

"ఆపేసి ఏటి సెయ్యమంటావు? నీ పేపరు సదవమంటావా? సూపుండాలి గదే దానిక్కూడా!" అంది. నవ్వబోయి, చేత్తో మొహం కప్పుకుంది. "ఈ నీళ్ళ రంగు సూడకుండా నేను బతకలేనే, సువర్చలా."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. కోపమే నయం, దానితో నడవొచ్చు.

నమోదు 6

పీఠంలో గది గదికీ తిరిగి సైటేషన్లు అడుక్కున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. పినాకపాణి గారు మంచినీళ్ళిచ్చారు. ఇంకొకాయన మా అత్త జాతకం అడిగారు. ఒకావిడ, "ఇవ్వడానికేం గానీ, నువ్వు తిరిగి ఏం పెడతావు? నీకున్నది ఒక్క పేపరేగా," అంది. నిజమే. ఒంటి పేపరుదానికి ఇచ్చేవాళ్ళెవరు? ఇచ్చినది వడ్డీతో తిరిగి రాకపోతే ఈ పీఠంలో తుమ్ముకు చిరంజీవ అని కూడా అనరు.

మధ్యాహ్నం జోగినాథం నా గదికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"మీరు లోకం తెలీకుండా తిరుగుతున్నారండి. బతికున్నవాళ్ళకి ఎవరిస్తారు? మీకొకటిస్తే వరస పట్టికలో మీరో మెట్టెక్కుతారు, ఇచ్చినవాడు దిగాలి. అదే పోయినవాళ్ళనుకోండి, పట్టికలోంచి పేరు తీసేస్తారు. పోటీ లేదు, తిరిగి పెట్టే గొడవా లేదు. పైగా నివాళి సైటేషన్ ఇస్తే సంస్కారం కింద మార్కులు కూడాను. మొన్న గాదిరాజు గారు పోయినప్పుడు చూళ్ళేదూ?"

చూశాను. గాదిరాజు గారు బతికున్నన్నాళ్ళూ గజ్జి మీద రాశారు, ఒక్కడు పట్టించుకోలేదు. ఆయన పెద్దకార్యం రోజున పడిన నివాళులకు ఆ గజ్జి పేపరు బరువు ఎంత పెరిగిందంటే, తర్వాత కొన్నాళ్ళు తలనొప్పని వెళ్ళినవాళ్ళకు కూడా పెద్దాయన గజ్జి మందే రాశాడు.

"చచ్చినవాళ్ళ కళ్ళు చారెడని ఊరికే అన్లేదండి పెద్దలు," అన్నాడు జోగినాథం.

"అయితే నన్ను చావమంటావా?"

"ఛ ఛ, మాటవరసకి అన్నానండి," అని వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ మాటను వదల్లేదు.

నమోదు 7

దారి దొరికింది. చట్టంలో పాతకాలపు ముక్క ఒకటి ఎవరూ పీకకుండా వదిలేశారు. సన్న్యాసం పుచ్చుకున్నవాళ్ళు తమకు తామే పిండం పెట్టుకుంటారు. ఆ క్షణం నుంచి చట్టానికి వాళ్ళు పోయినవాళ్ళే. మరణాల కిటికీ దగ్గర అడిగాను. కిటికీలో ఉన్నాయన తల కూడా ఎత్తకుండా, "పిండం పడి, పెద్దకార్యం జరిగితే నమోదు చేస్తాం. మీరు ఊపిరి పీలుస్తున్నారా లేదా అన్నది మా శాఖ కాదు," అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక ప్రభుత్వోద్యోగి నాకు పనికొచ్చే మాట చెప్పడం ఇదే మొదలు.

పోయాక ఏమేం పోతాయో కూడా చెప్పాడు. ఉద్యోగం, క్వార్టరు, పేరు ముందు డాక్టరు. ఇక ఎప్పటికీ పేపరు రాయకూడదు, ప్రయోగశాలలో అడుగు పెట్టకూడదు. మళ్ళీ సంసారంలోకి వస్తానని సంతకం పెడితే అన్నీ తిరిగొస్తాయి, నివాళులు మాత్రం రద్దవుతాయి.

రాత్రయ్యేవరకూ ఆగలేక వెంటనే అత్తకు చెప్పాను. ఆవిడ చేత్తో తడుముకుంటూ వలకు ముడి వేస్తోంది.

"సన్నాసీ అని సిన్నప్పుడు తిడితే ఏడిసేదానివి. ఇప్పుడు నువ్వే ఎల్లి కాయితం తెచ్చుకుంటావా?"

"నీ కళ్ళ కోసం అత్తా."

"నా కళ్ళు ముసలివే. నువ్వు ఆ గాజుపెట్టెలోకి సూత్తా ఆరేళ్ళు కూకున్నావు. ఆ కుర్చీ పోద్దే."

"కుర్చీ పోతే నేల మీద కూర్చుంటాను."

ఆవిడ వల తడిమి, ముడి తప్పు పడిందని విప్పింది. "పెద్దకార్యంలో గారెలు నూనోడకుండా సూడు," అంది చివరికి. "నీ పేరు సెప్పుకుని తినాలి జనం."

నమోదు 8

నిన్న పోయాను. సన్న్యాసికి మైల రోజులు లేవు కాబట్టి ఇవాళే నా పెద్దకార్యం.

జోగినాథం అన్నీ తానై నడిపించాడు. పిలుపులు అతనే వేశాడు. పీఠమంతా తరలి వచ్చింది. సైటేషన్ అడిగితే తలుపులేసుకున్న మహానుభావులందరూ కొత్త పంచెలు కట్టుకుని వచ్చారు. నన్ను చూసి కళ్ళొత్తుకున్నారు. నేను కాషాయం చీర కట్టుకుని ఎదురుగానే కూర్చున్నాను. పలకరించిన వాడొక్కడు లేడు, పోయినదాన్ని కదా. నా గురించి నా ముందే మాట్లాడుకున్నారు.

"ఎంత మేధ అండి! ఒక్క పేపరు రాసినా వజ్రం."

"నేను ఎప్పుడూ అంటూనే ఉండేవాణ్ణి," అన్నారు పినాకపాణి గారు. నాకు మంచినీళ్ళిచ్చి పంపింది ఈయనే.

డైరెక్టరు గారు నిలబడి మాట్లాడారు. "సువర్చల నా శిష్యురాలు. నా జంట మోతాదు సిద్ధాంతాన్ని చివరి శ్వాస వరకూ సమర్థించింది," అన్నారు. అప్పుడు కూడా నేను ఎదురుగా శ్వాస పీలుస్తూనే ఉన్నాను. నా పేపరులో మొదటి వాక్యమే జంట మోతాదు కళ్ళు తీస్తుందని.

పిట్టగోడ మీద పిండం పెట్టారు. నేను గోడకు ఆనుకుని, పిండానికి చేరువగా కూర్చున్నాను. కాకులు వచ్చాయి, చెట్టు మీద వాలాయి, మెడలు తిప్పి చూశాయి. ఒక్కటీ దిగలేదు. మనిషి పక్కన కూర్చుని ఉంటే కాకి ఎక్కడైనా దిగుతుందా? ఈ సంగతి కనిపెట్టడానికి పీఠం అక్కర్లేదు. కానీ అక్కడున్నది పీఠమే.

"కాకి ముట్టట్లేదండి! మేడం గారికి ఏదో కోరిక మిగిలిపోయింది!" అని జోగినాథం మైకులో అరిచాడు. వాడి మొహంలో దుఃఖం తప్ప ఇంకేం లేదు. అంత నటుణ్ణి ఇన్నాళ్ళూ పక్క గదిలో పెట్టుకుని గుర్తించనందుకు చింతించాను.

కోరికేమిటని నన్ను అడిగినవాడు లేడు. పినాకపాణి గారు లేచి కాకులకు దండం పెట్టారు. "అమ్మా సువర్చలా, నా తరఫున ఇరవై!" కాకి దిగలేదు. "ముప్ఫై!" ఆయన పక్కాయన యాభై అన్నాడు. అడిగితే జాతకం అడిగినాయన ఇంకో పాతిక కలిపాడు. గారెలు చల్లారిపోతున్నాయి. ఆకలి పెరిగే కొద్దీ నా మీద గౌరవం పెరిగింది. జోగినాథం ఒక్కొక్కటీ చదివి లేఖినిలోకి ఎక్కించాడు. అత్త నా వెనకే కూర్చుని, "ఏలంపాట బాగుందే," అని గొణిగింది.

అయినా పెళ్ళికి పడినన్ని పడలేదు. జోగినాథం నా వైపు చూసి కనురెప్పతో లేదన్నాడు. ఇప్పుడు కాకి దిగిందా, నా ఉద్యోగమూ పోయినట్టే, అత్త కళ్ళూ పోయినట్టే. గోడకు ఇంకా దగ్గరగా జరిగాను.

అప్పుడు జోగినాథం మైకులో చాలా మెల్లగా, "పెద్దలందరూ ఇచ్చారండి. డైరెక్టరు గారిది మాత్రం ఇంకా..." అని ఆగాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు. త్రివిక్రమ రావు గారు శాలువా సర్దుకున్నారు. ఆయన జీవితంలో ఎవరికంటే తక్కువ ఇచ్చి ఎరగరు, జనం చూస్తుండగా. "ఇరవై ముప్ఫై ఏమిటయ్యా! నా ఏడు వేల పేపర్లలోనూ, ఒక్కటీ వదలకుండా, సువర్చల పేపరు ప్రస్తావించండి!" అన్నారు.

చప్పట్లు కొట్టారు. పెద్దకార్యంలో.

జోగినాథం నా వైపు చూసి, ఇక చాలన్నట్టు చెవి గోక్కున్నాడు. నేను లేచి, దాహమేస్తోందని లోపలికి వెళ్ళాను. నా వెనకే రెక్కల చప్పుడు, ఆ వెంటనే, "ముట్టింది, ముట్టింది! ఆత్మ శాంతించింది!" అన్న కేకలు, ఆ వెంటనే ఆకుల దగ్గరికి పరుగులు వినపడ్డాయి. ఆత్మ వంటింట్లో నిలబడి రెండు చెంబుల నీళ్ళు తాగింది.

పోయిన తర్వాత: 1

అత్త కడియం ఒక్కసారే కొట్టింది. ఇద్దరం రెండోదాని కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కొట్టలేదు. ఇంకాసేపు కూర్చున్నాం, నమ్మకం లేక. వీధిలో ఎవరో, "మా తాతకి కూడా ఒకటే పడిందండోయ్," అని అరుస్తుంటే అప్పుడు నమ్మాం.

పోయిన తర్వాత: 2

క్వార్టరు ఖాళీ చేశాను. గాజుపలకల పెట్టె ఒకటి తెచ్చుకోబోతే వాచ్‌మన్ పట్టుకుని, "పోయినవాళ్ళు సామాన్లు పట్టుకెళ్ళకూడదమ్మా," అన్నాడు. కావలసింది ఆ పెట్టె కాదు, ఆ పలకల్ని చూసే సూక్ష్మదర్శిని. అది నా కంటికి అలవాటు పడింది. ఇప్పుడు పొద్దున్న లేవగానే కుడి కన్ను దానంతటదే మూసుకుంటోంది, చూడడానికి ఏమీ లేకపోయినా. బాధగా ఉంది. చాలా బాధగా ఉంది. ఇందులో వెటకారం ఏమీ లేదు.

సౌరపలకలు గీకడం మాత్రం తప్పలేదు. చచ్చినా ఉప్పు వదలదు.

పోయిన తర్వాత: 3

అత్త ఎడమ కన్ను తేటపడింది. కుడిది మసగ్గానే ఉంది, ఇక అంతేనేమో. రెండో చుక్క పడిన రోజులు ఊరికే పోలేదు. ఆ రోజుల్లో కడియాలున్న మిగతావాళ్ళలో కొందరికి అసలు తిరిగి రాలేదు. వాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలియదు. పెళ్ళి బాగా జరిగిందని చెప్పాలి కాబోలు.

నేను పంటు మీద టికెట్లు చింపుతున్నాను. ఎవరూ ఏమీ అనరు. సన్న్యాసి చేతి టికెట్టు పుణ్యమని కొందరు కళ్ళకద్దుకుంటున్నారు కూడా. ఈ ఊరికి ఏదిచ్చినా కళ్ళకద్దుకుంటుంది, తెరిచి చూడదు.

పోయిన తర్వాత: 4

ఇవాళ డైరెక్టరు గారు పంటు ఎక్కారు. ఎప్పుడూ ముందు కుర్చీలో కూర్చునేవారు, ఇవాళ వెనక్కి, నేనున్న చోటికి వచ్చారు. మనిషి నలిగి ఉన్నారు. పెద్దాయన జంట మోతాదును కొట్టేశాక ఎవరో మొదటిసారిగా నా పేపరు తెరిచి చదివారట. డైరెక్టరు గారు తన ఏడు వేల పేపర్లలోనూ తన సిద్ధాంతం తప్పని చాటుకున్నారని అప్పుడు బయటపడింది. పక్క పీఠాల వాళ్ళు నవ్వుతున్నారట. వియ్యంకుడు కూడా నవ్వాడట, అదే ఎక్కువ బాధగా ఉందన్నారు.

"పోనీ మీరిచ్చిన నివాళి వెనక్కి తీసుకోండి," అన్నాను.

"పిండం పెట్టినచోట ఇచ్చింది వెనక్కెలా తీసుకుంటానమ్మా? పీక్కుతింటావు!" అని నిజంగానే భయపడ్డారు. తర్వాత గొంతు తగ్గించారు. "సువర్చలా, నువ్వొక్క సంతకం పెట్టు తల్లీ. సంసారంలోకి తిరిగి రా. నిన్ను ఉపసంచాలకురాలిని చేస్తాను. పెద్ద సూక్ష్మదర్శిని నీ గదిలో పెట్టిస్తాను, నీకొక్కదానికే. నీ పేరు మీద నెలకు వంద పేపర్లు వేయిస్తాను."

వంద పేపర్లకు నాకు నవ్వొచ్చింది. సూక్ష్మదర్శినికి నవ్వు రాలేదు. ఆ పెద్ద సూక్ష్మదర్శిని కోసం నాలుగేళ్ళు అర్జీలు పెట్టాను. దాని గాజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా కుడి కన్ను ఆ మాట వింటూనే మూసుకుంది.

"బతికొస్తే నివాళులు రద్దవుతాయి కదా సార్. కడియాలు మళ్ళీ రెండుసార్లు కొడతాయి."

"అదంతా తర్వాత చూసుకుందాం. ఒక కమిటీ వేద్దాం."

నేను టికెట్టు చింపి ఆయన చేతిలో పెట్టాను. "పోయినవాళ్ళతో మాట్లాడకూడదు సార్. మీ ఇంట్లో కొత్త కాపరం ఉంది, అరిష్టం."

ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు కుర్చీలోకి వెళ్ళి, ఎదురు కొండ వచ్చేదాకా తల తిప్పలేదు.

గడియార స్తంభం దగ్గరపడుతోంది. అత్త ఎడమ కంటితో నీళ్ళను చూసింది. చుక్కాని ఎప్పటిలాగే ఎడమకు తిప్పింది, పంటు స్తంభానికి బారెడు దూరంలో మెత్తగా పక్కకు జరిగింది. నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. నా మొహం చూసిందో, లేక ఆయన మాటలు విన్నదో, చుక్కాని దగ్గర నాకు కాస్త చోటిచ్చింది.

"ఒసే, సచ్చినోళ్ళ కళ్ళు సారెడంటారు గదే లోకం," అంది అత్త, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే. "సచ్చింది నువ్వు. కళ్ళేమో నాకొచ్చాయి."